ఉపన్యాసం అదిరింది... ఇంతకీ ఏం చెప్పారు?

కిందటి చలికాలంలో ఒక వృత్తి సంఘం వార్షిక సదస్సుకు వెళ్లాను. మూడు వందల మంది దాకా ఇంజినీర్లు వచ్చారు. ఉదయం తొలి కార్యక్రమం 'నాయకత్వం' మీద కీలకోపన్యాసం. వక్త వేదికంతా కలియదిరిగారు, నవ్వించారు, ఒకచోట కళ్లు చెమర్చేలా చేశారు. చివర్లో హాలు హాలంతా లేచి చప్పట్లు కొట్టింది. నేనూ కొట్టాను.

సాయంత్రం టెల్కో కాలనీలో మా ఇంటికి చేరాను. మా నాన్న ఫౌండ్రీలో ముప్పై ఏళ్లు పనిచేసి రిటైరయ్యారు. టీ తాగుతూ అడిగారు: "ఇంతకీ ఏం చెప్పాడాయన?" నోరు తెరిచాను. రెండు జోకులు గుర్తొచ్చాయి. ఒక సింహం కథ గుర్తొచ్చింది. అంతకు మించి చెప్పడానికేమీ లేదు.

నా మతిమరుపే కారణమైతే ఈ వ్యాసం రాసేవాణ్ని కాదు. ఈ సంగతి మీద సైన్స్ ఎప్పుడో దృష్టి పెట్టింది.

1970లో అమెరికాలోని సదరన్ కాలిఫోర్నియా విశ్వవిద్యాలయ వైద్య విభాగానికి చెందిన పరిశోధకులు ఒక కొంటె ప్రయోగం చేశారు. మైకేల్ ఫాక్స్ అనే నటుణ్ని 'డాక్టర్ ఫాక్స్' అనే గణిత నిపుణుడిగా పరిచయం చేసి, వైద్యవిద్య బోధకుల శిక్షణ సదస్సులో ఉపన్యాసం ఇప్పించారు. ఆయనకు ఆ విషయంలో ఓనమాలు తెలియవు. హాస్యం దట్టించి, పొంతన లేని మాటలు, ఒకదానికొకటి విరుద్ధమైన వాక్యాలు, లేనిపోని కొత్త పదాలు కలిపి ధీమాగా మాట్లాడమన్నారు. విన్నవాళ్లలో మానసిక వైద్యులు, మనస్తత్వ శాస్త్రవేత్తలు ఉన్నారు. అయినా ఎక్కువ మంది ఉపన్యాసం ఆలోచన రేకెత్తించిందని మెచ్చుకున్నారు. వీడియో చూపించిన మరో రెండు బృందాలదీ అదే మాట. ఆ 'డాక్టర్' రచనలు ఇంతకుముందే చదివానని కూడా ఒకరు రాశారు! 1973లో ఇది అచ్చయింది.

ఆ ప్రయోగంలో లోపం ఉంది. పోల్చి చూడటానికి వేరే బృందం లేదు. ఆ లోటును కొంత తీర్చింది 2013లో షానా కార్పెంటర్, సహచరులు ప్రచురించిన అధ్యయనం. మూడు రంగుల మచ్చల పిల్లులు దాదాపు అన్నీ ఆడవే ఎందుకవుతాయో వివరించే చిన్న వీడియోను రెండు రకాలుగా తీశారు. మాటలు రెండింట్లోనూ ఒకటే. ఒకదానిలో వక్త నిటారుగా నిలబడి, కళ్లలోకి చూస్తూ తడబడకుండా చెప్పారు. రెండోదానిలో వంగి, కాగితం చూసుకుంటూ నట్టుతూ చదివారు. మొదటిది చూసిన విద్యార్థులు తమకు చాలా గుర్తుంటుందని అంచనా వేసుకున్నారు. పరీక్ష పెడితే రెండు బృందాలకూ గుర్తున్నది ఇంచుమించు ఒక్కటే. అంటే, ధారాళంగా చెబితే నేర్చుకున్నామనే నమ్మకం పెరుగుతుంది, నేర్చుకున్నది మాత్రం పెరగదు.

నాయకత్వ ఉపన్యాసాలకు ఇంకో జబ్బుంది. గెలిచినవాళ్ల కథలే చెబుతారు. 'ఫలానా ఆయన సాహసం చేశాడు, గెలిచాడు, కాబట్టి సాహసం చేయండి' అంటారు. అదే సాహసం చేసి మునిగిపోయినవాళ్లు వేదిక ఎక్కరు. నెగ్గిన కేసులే లెక్కగట్టి మందు పనిచేస్తుందని తేల్చే పరిశోధనను ఏ వైద్య పత్రికా అచ్చు వేయదు. లోహాన్ని సాగదీసి తెగేదాకా పరీక్షిస్తేగాని నమ్మని ఇంజినీర్లు, ఈ ఒక్క గంట మాత్రం ఆ పట్టింపు బయట చెప్పుల దగ్గర వదిలేసి వస్తారు.

మన దేశంలో ఇలాంటి వేదికల మీద తరచూ వినిపించే కథ ఎస్ఎల్‌వి-3ది. 1979 ఆగస్టు 10న శ్రీహరికోట నుంచి లేచిన రాకెట్ కొద్ది నిమిషాల్లోనే బంగాళాఖాతంలో పడింది. ప్రాజెక్టు సారథి అబ్దుల్ కలాం. ఇస్రో అధ్యక్షుడు సతీశ్ ధావన్ విలేకరుల ముందుకు తానే వచ్చి వైఫల్యం బాధ్యత తీసుకున్నారు. 1980 జులై 18న ప్రయోగం నెగ్గినప్పుడు మాట్లాడమని కలాంను ముందుకు పంపారు. గొప్ప కథే, సందేహం లేదు. అయితే ఆ రెండు తేదీల మధ్య ఏం జరిగిందో మాత్రం వేదికల మీద చెప్పరు. రెండో దశ నియంత్రణ వ్యవస్థలో ఒక కవాటం సరిగా మూసుకోక నైట్రిక్ ఆమ్లం కారిపోయిందని విశ్లేషణలో తేలింది. ఆ కారణం పట్టుకోవాలంటే పనిచేసినవాళ్లు తాము చూసినది చూసినట్టు చెప్పాలి. పెద్దాయన నింద తన మీద వేసుకోవడం వల్ల అసలు లాభం అదే అని నా అభిప్రాయం. కింద ఉన్నవాళ్లకు దాచుకునే అవసరం తప్పింది.

నాయకత్వం మీద అసలైన పరిశోధన చెప్పేదీ ఇదే. ఏమీ ఎడ్మండ్‌సన్ అనే పరిశోధకురాలు ఆసుపత్రుల్లో మందులు ఇవ్వడంలో జరిగే పొరపాట్లను పరిశీలించారు. మంచి బృందాల్లో పొరపాట్లు తక్కువ ఉంటాయనుకున్నారు. లెక్క తిరగబడింది. బాగా నడిచే బృందాల్లోనే ఎక్కువ నమోదయ్యాయి. వాళ్లు ఎక్కువ తప్పులు చేసినందుకు కాదు, తప్పును చెప్పుకోగలిగినందుకు అని ఆమె వివరించారు. ఆ ఫలితం 1996లో అచ్చయింది.

ఈ సంగతి నాన్నకు చెప్పాను. ఆయనకేమీ ఆశ్చర్యం కలగలేదు. "రిజెక్షన్ తక్కువ చూపించే షిఫ్టంటేనే మాకు అనుమానం. పోతలో గాలి బుడగ పడితే ఆ రోజు దాచొచ్చు. మెషినింగ్‌కి వెళ్లాక అదే బయటపడుతుంది. చెబితే తిట్టడని తెలిస్తేనే కదా ఎవడైనా చెప్పేది?" అన్నారు. మూడు వందల మంది గంటసేపు విన్నదానికంటే ఈ నాలుగు మాటల్లో నాయకత్వం గురించి ఎక్కువ ఉంది.

ఉత్సాహం నింపే ప్రసంగాలు వద్దని నేననను. ఏడాదికోసారి కలిసిన పాత మిత్రులు కాసేపు నవ్వుకుంటే తప్పేముంది? కానీ దాన్ని వినోదమని ఒప్పుకుని సాయంత్రం భోజనాలకు ముందు పెట్టుకోవాలి. పొద్దున్నే, బుర్రలు చురుగ్గా ఉన్న గంటను దానికి ధారపోసి, యువ ఇంజినీరు రెండేళ్లు కష్టపడి తెచ్చిన పత్రానికి పది నిమిషాలు విదిల్చడం అన్యాయం.

ఈ ఊరికి వక్తల కరువు లేదు. 1950లో ప్రారంభమైన జాతీయ లోహశోధన ప్రయోగశాల ఇక్కడే ఉంది. కృష్ణా జిల్లా నుంచి వచ్చిన లోహశాస్త్రవేత్త పాచ్చా రామచంద్రరావు 1992 నుంచి పదేళ్లు దాన్ని నడిపారు. ఇలాంటి సంస్థలు నడిపినవాళ్లను పిలిచి, 'మీ నిర్ణయాల్లో తప్పిన ఒక్కటి చెప్పండి, ఎలా తెలిసింది, ఏం మార్చారు' అని అడిగితే చాలు. ప్రసంగం అరగంట, ప్రశ్నలు అరగంట. షాపులో పనిచేసే ఫోర్‌మన్‌కూ ఒక కుర్చీ వేయండి. అభిప్రాయ పత్రాలు హాలు గుమ్మం దగ్గర కాకుండా మూడు నెలల తర్వాత పంపండి. 'ఉపన్యాసం ఎలా ఉంది' అనొద్దు, 'ఏం గుర్తుంది, మీ పనిలో ఏం మార్చారు' అని అడగండి. పైసా అదనపు ఖర్చు లేదు.

వచ్చే ఏడాదీ ఆ సదస్సుకు వెళతాను. ఈసారి చప్పట్లు కొట్టేముందు ఒక కాగితం మీద మూడు వాక్యాలు రాసుకుంటాను. ఇంటికెళ్లాక నాన్న అడుగుతారు, జవాబు చెప్పాలి.