రెండు బై మూడు సున్నా

సంక్రాంతికి తిరువూరు వెళ్ళినప్పుడు మా బాబాయి కూతురు సీ ల్యాబ్ రికార్డు ముందేసుకుని కూర్చుంది. సివిల్, ఫస్టియర్. ప్రోగ్రామూ, దాని ఔట్‌పుటూ రెండూ సీనియర్ రికార్డులోంచి దించేస్తోంది. ఫాక్టోరియల్ 8కి 40320 అని రాసింది. "నడిపి చూశావా?" అంటే, "ఎందుకన్నయ్యా, జవాబు తెలుసుగా" అంది.

తెలుసు, సరే. కానీ వాళ్ళ ల్యాబులో ఉన్నది టర్బో సీ. బోర్లాండ్ వాళ్ళు 1987లో మొదలెట్టిన సరుకు. అందులో ఇంట్‌కి 16 బిట్లే, 32767 దాటి పట్టదు. ఆ ప్రోగ్రాము నిజంగా నడిపితే వచ్చేది -25216. ఆ మైనస్ చూసి "ఇదేంటి?" అనుకున్న చోటే ప్రోగ్రామింగ్ మొదలవుతుంది. మన రికార్డు పద్ధతి సరిగ్గా అక్కడే దాని పీక నొక్కేస్తుంది. తప్పు ఔట్‌పుట్ రాస్తే సార్ సంతకం పెట్టరు కదా!

"సివిల్ వాళ్ళకి కోడింగ్ ఎందుకండీ?" అనేవాళ్ళు బోలెడుమంది. అసలు 1957లో ఐబీఎం వాళ్ళు ఫోర్ట్రాన్ తెచ్చిందే సైన్సు, ఇంజినీరింగ్ లెక్కల కోసం. పేరులోనే ఫార్ములా ఉంది. మనం మాత్రం అన్ని బ్రాంచిలకీ అదే పాలిండ్రోమ్, అదే ఫిబొనాచీ, అవే చుక్కల త్రికోణాలు వడ్డిస్తాం.

సాగర్ ఎడమ కాలవ లెక్కే ఇవ్వచ్చుగా? కాలవలో నీటి వేగానికి మానింగ్ సూత్రం ఉంది. అందులో హైడ్రాలిక్ రేడియస్‌ని 2/3 ఘాతానికి పెంచాలి. సీలో 2/3 అని అలాగే రాస్తే రెండూ పూర్ణాంకాలు కాబట్టి సున్నా అవుతుంది. రేడియస్ 2 మీటర్లు, వాలు 0.0001, ఎన్ విలువ 0.025 అనుకోండి. సెకనుకి 0.63 మీటర్లు రావలసిన వేగం 0.40 వస్తుంది. ఎర్రర్ రాదు. మూడో వంతుకి పైగా నీళ్ళు కాగితం మీదే ఇంకిపోతాయి! ఈ ఒక్క తప్పు చేసిన సివిల్ కుర్రాడు డేటా టైపులు జన్మలో మర్చిపోడు.

పైథాన్ పెడితే సరిపోతుందంటారు కొందరు. నడపకుండా దించే రికార్డు ఏ భాషలో ఉంటే ఏంటి? ఇప్పుడు ఏఐ రాసిస్తుందంటారు ఇంకొందరు. మరి అది రాసింది తప్పో ఒప్పో చెప్పేదెవరు?

నేనడిగేది పెద్దదేం కాదు. ప్రతి ప్రోగ్రాముకీ ఎదురు పేజీలో "నాకొచ్చిన తప్పు, ఎందుకొచ్చింది" అని రాయించండి. మార్కులు దానికివ్వండి.

ఆ రోజు ఫోన్లోనే ఆన్‌లైన్ కంపైలర్‌లో దాని ఫాక్టోరియల్ నడిపించాను. అక్కడ ఇంట్ 32 బిట్లు కాబట్టి 8కి సరిగ్గానే వచ్చింది. 13 ఇవ్వమన్నాను. 1932053504 అని వచ్చింది. కాసేపు చూసి, "మధ్యలో పదితో గుణించాం కదన్నయ్యా, చివర సున్నా లేదేంటి?" అంది.

సెమిస్టర్ మొత్తంలో అది నేర్చుకున్న మొదటి ప్రోగ్రామింగ్ పాఠం అదే. రికార్డులో మాత్రం దానికి పేజీ లేదు.