స్వేచ్ఛకూ ఒక లెక్క ఉన్నది

డిగ్రీ కొరకు కళాశాలలో చేరిన విద్యార్థికి గణాంకశాస్త్ర తరగతిలో మరొక ‘డిగ్రీ’ ఎదురవుతుంది. అదే ‘డిగ్రీస్ ఆఫ్ ఫ్రీడమ్’. దీనిని స్వేచ్ఛాసంఖ్య అనుకుందాము. తెలుగులో స్వేచ్ఛ అన్నా, ఉర్దూలో ఆజాదీ అన్నా మన విద్యార్థులకు తెలియని మాట కాదు. అయినను ‘ఎన్ మైనస్ వన్’ అని కంఠస్థం చేయడంతోనే వారి పరిచయం ముగుస్తున్నది. ఆ ఒకటిని ఎందుకు తీసివేయాలో అడిగేవారు అరుదు. మేము కూడా తొలి సంవత్సరాలలో సూత్రం చెప్పి ముందుకు సాగినవారమే. అది మా పొరపాటు.

ఐదుగురు విద్యార్థుల సగటు మార్కులు 40 అనుకుందాము. నలుగురికి 35, 42, 50, 38 వచ్చిన యెడల ఐదవ విద్యార్థికి 35 తప్ప వేరు రాదు. నాలుగు అంకెలు మన ఇష్టం. ఐదవది సగటుకు కట్టుబడినది. కనుక స్వేచ్ఛాసంఖ్య నాలుగు.

యంత్రహస్తాలను నిర్మించే రోబోటిక్స్ శాస్త్రంలోనూ ఇదే తీసివేత. ఏ ఆధారమూ లేని ఘనవస్తువుకు స్వేచ్ఛాసంఖ్య ఆరు: మూడు దిక్కులలో జరగడం, మూడు అక్షాల చుట్టూ తిరగడం. బందులకు బిగించిన తలుపుకు మిగిలేది ఒకటే. భుజం నుండి మణికట్టు వరకు మన చేతికి ఏడు. భుజం కదల్చక, అరచేతిని బల్లపై గట్టిగా ఆనించి చూడండి. అరచేయి ఆరు విధాలా బంధింపబడినను మోచేయి ఇటూ అటూ ఊగుతుంది. ఏడులో ఆరు పోగా మిగిలినది అదే. 2001లో అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రానికి అమర్చిన కెనడా యంత్రహస్తానికి కూడా ఏడు కీళ్లే.

ఈ లెక్కలో మహామహులూ తడబడినారు. కై-వర్గ పరీక్షను 1900లో ప్రకటించిన కార్ల్ పియర్సన్, నాలుగు గడుల పట్టికకు స్వేచ్ఛాసంఖ్య మూడని భావించారు. అడ్డు, నిలువు మొత్తాలు తెలిసినప్పుడు ఒక గడి నింపగానే తక్కిన మూడూ వాటంతట అవే నిండుతాయనీ, కనుక అది ఒకటేననీ 1922లో ఆర్. ఏ. ఫిషర్ నిరూపించారు. ఒక టీకా ఫలితాలను అటువంటి పట్టికలో వేసి పరీక్షించగా విలువ 5 వచ్చిందనుకుందాము. ఐదు శాతం స్థాయిలో మూడింటికి హద్దు 7.81, ఒకటికి 3.84. మొదటి లెక్క ప్రకారం టీకా ప్రభావం రుజువు కాలేదు. రెండవ లెక్క ప్రకారం రుజువైనది. తీసివేత మరచిన కారణాన మేలైన టీకాను తోసిపుచ్చే ప్రమాదం కలదు.

కావున విద్యార్థులకు మా మాట ఇది: ‘ఎన్ మైనస్ వన్’ అని వ్రాసిన ప్రతిసారీ ఆ ఒకటిని హరించిన కట్టుబాటు ఏదో పక్కనే వ్రాయండి. వ్రాయలేకపోతే మమ్ములను నిలదీయండి. కళాశాల కమిటీ వారికి ఒక మనవి: వడ్రంగి చేత కీళ్లున్న కొయ్య చేయి ఒకటి చేయించి ప్రయోగశాలలో ఉంచండి. మా పది ఉపన్యాసాలు చెప్పలేనిది, దానిని ఒక్కసారి కదిల్చి చూస్తే బోధపడుతుంది.