పాత పెట్టెకు కొత్త ప్రాణం

పాత ఇల్లు బాగుచేయించడం ఒకందుకు నయం. దూలం పుచ్చిందో, పెంకు పగిలిందో కంటికి కనిపిస్తుంది. పాత కంప్యూటరు సంగతి అలా కాదు. మీట నొక్కి, కాఫీ కలుపుకుని, తాగి, గ్లాసు కడిగి వచ్చినా అది ఇంకా లేస్తూనే ఉంటుంది గాని, తనలో ఏ భాగం ముసలిదయిందో చెప్పదు. అందుచేత చాలామంది "మొత్తం మార్చెయ్యండి" అన్నవాడి మాటే వింటారు.

మా ఇంట్లోదాన్ని 2014లో కొన్నాం. ఇంటెల్ నాలుగో తరం ఐ3 ప్రాసెసరు, హెచ్ 81 మదరుబోర్డు, 4 జి.బి. రామ్, 500 జి.బి. హార్డుడిస్కు. కొత్తది కొందామని మావారు. ఆయన మాటలో న్యాయం లేకపోలేదు. విండోసు 10కి 2025 అక్టోబరు 14తో మామూలు మరమ్మతులు ఆగిపోయాయి. విండోసు 11కి మైక్రోసాఫ్టు ఒప్పుకునే జాబితా ఇంచుమించు ఎనిమిదో తరంతో మొదలు. మాది నాలుగో తరం. జాతకాల దగ్గిరే తప్పిపోయిన సంబంధమన్నమాట.

అయినా నేను ఒప్పుకోలేదు. మంగళగిరి మగ్గాల దగ్గిర కూచుని పదిహేనేళ్లుగా ఏరుకున్న నేతపని మాటలు ఆ పెట్టెలో ఉన్నాయి. పడుగు, పేక, నాడె మీకూ తెలుసు; తెలియనివి మరి కొన్ని వందలు. చెప్పిన పెద్దల్లో సగంమంది ఇప్పుడు లేరు. అవన్నీ అను ఫాంటులతో పేజిమేకరులో కొట్టినవి. నకలు పెన్‌డ్రైవులో లేకపోలేదు. కాని ఆ ఫాంటు లేనిచోట విప్పితే తెలుగు ఒక్క ముక్క కనిపించదు, ఇంగ్లీషు అక్షరాలూ గుర్తులూ కలగాపులగంగా వస్తాయి. యూనికోడు 1991లోనే తెలుగుకి చోటిచ్చినా, మన డి.టి.పి. వారు చాలాకాలం ఇంగ్లీషు అక్షరాల గూళ్లలోనే తెలుగు ముక్కలు సర్ది పని జరుపుకున్నారు మరి. యూనికోడులోకి మార్చిపెట్టే సాధనాలు ఉన్నాయి గాని, వత్తుల దగ్గిర తప్పులు పట్టుకోవాలంటే అసలు ప్రతి ఎదట ఉండాలి. కనక ఈ యంత్రం ఇంకో రెండేళ్లయినా బతకాలి.

ఒక కొట్టులో కుర్రవాడు "ఐ7 వేసేద్దాం మేడమ్, గ్రాఫిక్సు కార్డూ పెట్టేద్దాం" అని ఉత్సాహపడ్డాడు. మాటలు దిద్దుకునే మనిషికి గ్రాఫిక్సు కార్డెందుకు? నా పాత విద్యార్థి ఒకడు ఇప్పుడు ఈ మరమ్మతులే చేస్తున్నాడు. వాడు వచ్చి టాస్క్ మేనేజరు తెరిచి చూపించాడు. డిస్కు నూటికి నూరు పాళ్లూ సతమతమవుతోంది. ప్రాసెసరు పదోవంతు పని కూడా చెయ్యడం లేదు.

"వంటవాడు ఖాళీగానే ఉన్నాడు మేడమ్. కూరలు తెచ్చేవాడే ఇంకా రాలేదు" అన్నాడు. తెలుగు క్లాసులో వెనక బెంచీవాడు! ఈ ఉపమానం పరీక్షలో రాసివుంటే నాలుగు మార్కులు ఎక్కువ వేసేదాన్ని.

సంగతేమంటే, హార్డుడిస్కులో పళ్లెం నిమిషానికి 7200 చుట్లు తిరుగుతుంది. ఏ ముక్క కావాలన్నా దాని చెయ్యి అక్కడికి జరగాలి, పళ్లెం తిరిగి రావాలి. ఇందుకు సెకండులో వందోవంతు పడుతుంది. ఎస్.ఎస్.డి.లో కదిలే భాగాలే లేవు, పదివేలవ వంతులో తెచ్చిస్తుంది. విండోసు లేచేటప్పుడు వేల ముక్కలు అడుగుతుంది కనక మీరే లెక్క వేసుకోండి. మొదటి రూపాయి ఇక్కడే పెట్టాలి. సెకండుకి వేల మెగాబైట్లనే ఎన్.వి.ఎం.ఇ. రకానికి మాబోటి పాత బోర్డుల్లో సాధారణంగా గూడుండదు. రెండున్నర అంగుళాల సాటా రకం అడగండి. అది సుమారు 550 దగ్గిర ఆగుతుంది, మనకి చాలు.

రెండోది రామ్. డి.డి.ఆర్. 3కీ 4కీ గాటు వేరు వేరు చోట్ల ఉంటుంది, ఒకదానిలో ఒకటి దిగదు. అందుకే సికిందరాబాదు చెనాయ్ ట్రేడ్ సెంటరుకి వెళ్లినా, మీ ఊరి కొట్టుకి వెళ్లినా బోర్డు పేరు, రామ్ రకం చీటీ మీద రాసుకు వెళ్లండి. 2025 చివర కొత్త రామ్ ధరలు విపరీతంగా పెరిగాయి, మా డి.డి.ఆర్. 3 సెకండ్‌హాండ్‌లో దొరికింది. విండోసు 32 బిట్లదయితే 4 జి.బి. దాటి వేసింది వృథా సుమండీ.

ప్రాసెసరు మార్చలేదు. ఆ సాకెట్టులో పట్టేవాటిలో పెద్దది వేసినా విండోసు 11 జాబితాలోకి ఎక్కదు. మదరుబోర్డు పోయిన నాడు మాత్రం బోర్డు, ప్రాసెసరు, రామ్ మూడూ కలిపే మార్చాలి. ఆనాడు మావారిదే గెలుపు.

పాత డిస్కుని ఉన్నదున్నట్టు కొత్తదానిలోకి క్లోను చేశాడు, అను ఫాంటులతో సహా. విండోసుకి ఇంటర్నెట్టు తీగ తగిలించం. అమ్మాయి ఇంటర్ పాఠాలకి అదే డిస్కులో వేరే భాగంలో లైనక్సు పెట్టాం, వెలిగించినప్పుడల్లా ఏది కావాలో అడుగుతుంది. పదకొండేళ్లు దాటిన ఎస్.ఎం.పి.ఎస్. ఒకటి మిగిలింది. అది పోతూ పోతూ మిగతావాటినీ తీసుకుపోగలదట. వచ్చే ఆదివారం మంచి కంపెనీది తెస్తానన్నాడు. ఈలోగా నేను "ప" అక్షరం దాకా దిద్దాను.