పుచ్చు మేరకే కోత

పిల్లలూ! మొన్న సాయంత్రం టెక్కలిలో మా అరుగుమీద కూర్చుని ఉండగా ఒక కుర్రవాడు వచ్చి, "మాస్టారూ, మనకు మూత్రపిండాలు రెండున్నాయి కదా! ఒకదానిలో గడ్డ పుడితే దాన్ని తీసి పారేస్తే సరిపోదా?" అని అడిగాడు.

వెనుకటి వైద్యులూ అలాగే అనుకున్నారు. 1869లో జర్మనీలోని హైడెల్‌బర్గ్‌లో గుస్టావ్ సైమన్ ఒక స్త్రీకి మూత్రపిండం ఒకటి పూర్తిగా తీసివేశాడు. ఆమె రెండవదానితోనే బతికింది. 1887లో అదే ఊళ్ళో చెర్నీ అనే ఆయన గడ్డను మాత్రం కోసి, మిగతా పిండాన్ని ఉంచేశాడు. అయినా చాలాకాలం ఎక్కువమంది ఆ దారిని పోలేదు. ఎందుకంటారా? నెత్తురు! రెండు మూత్రపిండాల గుండా నిమిషానికి సుమారు ఒక లీటరు నెత్తురు పారుతుంది. అందులో కత్తి పెట్టడమంటే మాటలా?

మూత్రపిండం ఆకారానికి మన పలాస జీడిపప్పే, పరిమాణానికి గుప్పెడంత. ఒక్కొక్కదానిలో నెత్తురు వడగట్టే సన్నని గొట్టాలు సుమారు 10 లక్షలు. తెగిన గోరు పెరుగుతుంది గాని, పోయిన ఆ గొట్టం మళ్ళీ పుట్టదు.

ఉద్దానం పిల్లలకు ఇది నేను చెప్పాలా? కవిటి, సోంపేట, వజ్రపుకొత్తూరు వైపు మూత్రపిండాలు రెండూ మెల్లగా పాడై, డయాలిసిస్‌కు తిరిగేవారు ఎందరో. అది గడ్డ జబ్బు కాదు, వేరు. దాని కారణం శాస్త్రజ్ఞులు ఇంకా తేల్చలేదు. 2023లో పలాసలో అందుకోసమే పరిశోధన కేంద్రం, ఆస్పత్రి ప్రారంభమైనవి. అటువంటిచోట "రెండున్నాయిలే" అని ఎవరనగలరు?

అందుచేత గడ్డ 4 సెంటీమీటర్లు మించకపోతే, వీలైనంతవరకు దాన్ని మాత్రమే తీస్తారు. పుచ్చు వంకాయను మీ అమ్మ ఏం చేస్తుంది? పుచ్చుతోపాటు చుట్టూ రవ్వంత కోసి, మిగతాది కూరలో వేస్తుంది. ఇదీ అంతే. పొట్టలోకి వాయువు ఎక్కించి, చిన్న చిన్న రంధ్రాలగుండా కెమేరా, సన్నని పనిముట్లు పంపుతారు. నెత్తురు తెచ్చే నాళానికి క్లిప్పు బిగిస్తారు. ఇక గడియారంతో పందెం! సుమారు అరగంటలోపల కోసి, కుట్టి, క్లిప్పు వదలాలి. ఆలస్యమైతే మిగిలిన గొట్టాలూ దెబ్బతింటవి. గడ్డ మరీ లోతున, నాళాలను అంటుకుని ఉంటే మాత్రం ఒక్కొక్కప్పుడు మొత్తం తీయక తప్పదు.

ఇదంతా విని కుర్రవాడు, "మా తాతకి మూడు సెంటీమీటర్లుందట, మాస్టారూ. సోమవారం విశాఖపట్నం తీసుకెళ్తారు" అన్నాడు. అప్పుడు తెలిసింది నాకు, వాడెందుకు అడిగాడో.

"పిండాన్ని మిగల్చడానికి వీలుందా అని డాక్టరుగారిని అడగమని మీ నాన్నతో చెప్పు" అన్నాను. మరిచిపోకుండా ఆ మాట చీటీమీద రాయించుకుని, పరుగెత్తాడు.