గ్రామసభలో ఎత్తిన చేయి

ప్రతినిధులను పంపి యూరకుండక, ప్రజలు తామే కూడి తీర్మానించుకొను పద్ధతిని ప్రత్యక్ష ప్రజాస్వామ్య మందురు. ఈ మాట వినగానే మన విద్యార్థులు గ్రీకుదేశపు ఏథెన్సు నగరమును జ్ఞప్తికి తెచ్చుకొందురు. అంత దూరము పోనక్కరలేదు. భద్రాచలపు మన్యములో చింతచెట్టు క్రింద కూడు గ్రామసభయు ఆ జాతిదే. 1996వ సంవత్సరపు పెసా చట్టము షెడ్యూలు ప్రాంతములందు ఈ సభకు అధికారము లిచ్చినది. 2006వ సంవత్సరపు అటవీహక్కుల చట్టము ప్రకారము పోడుభూమిపై హక్కుకోరు దరఖాస్తును మొదట విచారింపవలసినదియు ఈ సభయే.

దీనివలన మేలు కలదనియే మా యభిప్రాయము. ఏ వాగు ఒడ్డున ఎవరి తాత పొదలు నరికి జొన్న చల్లెనో పట్టణములోని అధికారి యెరుగడు; ఊరి ముసలివా డెరుగును. ఒడిశాలోని నియమగిరి కొండపై గనులు త్రవ్వవచ్చునా యని గ్రామసభలనే అడుగుడని 2013లో సుప్రీముకోర్టు చెప్పగా, పండ్రెండు సభలును కూడదనినవి. మరుసటి యేట కేంద్రప్రభుత్వము అనుమతి నిరాకరించినది.

అయినను ఎత్తిన ప్రతి చేయియు స్వేచ్ఛగా ఎత్తినదే యనుకొనరాదు. అప్పిచ్చిన వర్తకుడు ఎదుట కూర్చుండగా కోయరైతు ఏమి చేయగలడు? కాగితమును కోయభాషలో చెప్పక, తెలుగున చదివి వ్రేలిముద్ర వేయించుకొనినచో అది తీర్మానమా? చేతులెత్తు సభలకు పేరుపడిన స్విట్జర్లండులో, అప్పెంజెల్ ఇన్నర్‌రోడెన్ అను చిన్న సీమయందలి పురుషులు 1990లో స్త్రీలకు ఓటు వలదని చేతులెత్తిరి. ఆ యేడే దేశపు సర్వోన్నత న్యాయస్థానము అడ్డుపడి స్త్రీలకు ఓటు ఇప్పింపవలసివచ్చెను. మన అటవీహక్కుల నియమములను 2012లో సవరించి, సభ్యులలో సగముమందియైన హాజరు కావలెననియు, వచ్చినవారిలో మూడవవంతు స్త్రీలుండవలెననియు విధించుట మాకు మిక్కిలి నచ్చినది.

ఊరి విషయమును ఊరు తేల్చును. మరి గోదావరి విషయము? పోలవరము నిమిత్తము ఖమ్మముజిల్లాలోని ఏడు మండలముల గ్రామములు 2014లో ఆంధ్రప్రదేశమున కలుపబడినవి. హద్దులు మార్చు అధికారము రాజ్యాంగము 3వ అధికరణముచే పార్లమెంటుకు గలదు. అందు గ్రామసభ నడుగవలెనను మాట లేదు. డెల్టారైతు నీరు కోరుట తప్పుకాదు. మునుగు ఊరు బెంగపడుటయు తప్పుకాదు. ఇట్టిదానిని ఒక్క గ్రామసభ తేల్చజాలదని మేమును ఒప్పుకొందుము. కాని తేల్చజాలదనుటకును, అడుగనే అక్కరలేదనుటకును చాల దూరము.

తల్లిదండ్రులారా, సభకు దండోరా వేసిననాడు మగవారొక్కరే పోవలదు. మా పైతరగతులలో కోయభాషయు తెలుగును వచ్చిన బాలబాలికలు గలరు. వారిచేత నోటీసును ముందునాటి రాత్రియే ఇంట చదివించుకొనుడు. ఎన్ని ఎకరములు, ఏ సర్వేనంబరు, ఎవరి పేర అను మూడును తెలియువరకు చేయి ఎత్తకుడు.