లాగుతుంది సరే... ఆపుతుందా?

మేడారం జాతర వస్తోందంటే గోలేటి నుంచి గోదావరిఖని దాకా సింగరేణి క్వార్టర్లలో ఒకటే చర్చ. ఎట్లా పోదాం? ఆర్టీసీ బస్సా, కారా, నాలుగిళ్లోళ్లం కలిసి ఒక బండి మాట్లాడుకుందామా? రెండేళ్లకోసారి వచ్చే జాతర. అవ్వ, మనవలు, కోళ్లు, బియ్యం మూట, బంగారమనే బెల్లం, గిన్నెలు, టార్పాలిన్... అన్నీ ఎక్కాలి. రెండు మూడు రాత్రులు అక్కడే పడుకోవాలి. అందుకే ఎడ్లబండ్ల కాలం నుంచి ట్రాక్టర్ల కాలం దాకా జాతరకు తీసుకెళ్లే బండే అక్కడ ఇల్లు కూడా.

ఆ ఇల్లు ఇప్పుడు కొత్త రూపంలో ఊరిస్తోంది. అమెరికాలో ఉన్న కొడుకో, మేనల్లుడో ఫోన్లో ఫొటో పంపిస్తాడు. పికప్ వెనక తెల్లటి పెద్ద పెట్టె. లోపల మంచాలు, వంటగది, బాత్రూం. అక్కడ దాన్ని క్యాంపర్ ట్రైలర్ అంటారు. (గోలేటిలో 'క్యాంపర్' అంటే వేరే. ఓపెన్‌కాస్టుల్లో జెండా కట్టుకుని తిరిగే బొలెరో క్యాంపర్! అందులో పడుకుంటే సూపర్‌వైజర్ ఊరుకోడు.)

ఆ ఫొటో చూసిన ఓ రిటైరైన పెద్దాయన, పికప్ కిరాయికి నడిపే కొడుకును అడిగాడనుకోండి... "అసుమంటిది మనం గూడ వెల్డింగు షాపుల చేయించుకుంటే ఎట్లుంటది రా?" కొడుకు ఏమంటాడు? "లాగుతది బాపూ. మొన్న స్లాబు మిల్లరును గుంజుకరాలేదా!"

నిజమే, లాగుతుంది. రెండున్నర లీటర్ల డీజిల్ ఇంజిను చదును రోడ్డు మీద తనకంటే బరువైనదాన్నీ కదిలిస్తుంది. చిక్కంతా కదిలాక మొదలవుతుంది.

ముందు ఆ అమెరికా పికప్ సంగతే చూద్దాం. ఫోర్డ్ ఎఫ్-150ని అక్కడ తేలికరకం పికప్‌గానే లెక్కేస్తారు. సరైన ఇంజిను, సరైన సరంజామా ఉంటే అది 6 టన్నుల దాకా లాగుతుందని కంపెనీ చెబుతుంది. అలాంటప్పుడు 30 అడుగుల ట్రైలర్, సామానుతో కలిపి 3,600 కిలోలు... ఏపాటి? కానీ డ్రైవర్ తలుపు తీస్తే పక్కన ఒక స్టిక్కరు ఉంటుంది. మనుషులు, సామాను కలిపి బండి మీద ఎంత బరువు మోపవచ్చో అందులో రాసి ఉంటుంది. అది 680 కిలోలనుకుందాం. ట్రైలర్ బరువులో నూటికి 10 నుంచి 15 పాళ్లు పికప్ కొక్కెం మీద పడాలి. అంటే ఇక్కడ సుమారు 450 కిలోలు. మిగిలింది 230. నలుగురున్న కుటుంబమే 300 కిలోలు! సూట్‌కేసు ఎక్కకముందే లెక్క తప్పింది. ప్రకటనలో 6 టన్నులు చూసి సంతకం పెట్టేవాళ్లు చాలామంది ఆ స్టిక్కరు దగ్గరే దొరికిపోతారు.

కొక్కెం మీద బరువెందుకు, తగ్గించేస్తే పోలేదా అంటారా? ఎడ్లబండి తోలిన ఏ తాతనడిగినా చెబుతాడు. వడ్ల బస్తాలన్నీ ఇరుసుకు వెనక వేస్తే నొగలు పైకి లేచి, కాడి ఎడ్ల మెడలను పైకి గుంజుతుంది. అన్నీ ముందు వేస్తే మెడలు వంగిపోతాయి. అందుకే బస్తాలు ఇరుసు మీదుగా సర్ది, కాస్త బరువు ముందుకుండేలా చూస్తారు. ట్రైలర్‌కీ అదే సూత్రం. తేడా ఏమిటంటే ఎడ్లబండి నడకవేగంతో పోతుంది. వెనక బరువెక్కువైన ట్రైలర్ 60, 70 కిలోమీటర్ల వేగంలో కుక్క తోకలా ఊగడం మొదలుపెడుతుంది. మంచిర్యాల-ఆసిఫాబాద్ హైవే మీద పక్క నుంచి పెద్ద లారీ దూసుకెళ్తే చాలు, ఆ గాలికి ఎత్తయిన పెట్టె ఒక్క ఊపు ఊగుతుంది. అప్పుడు కంగారుపడి పికప్ బ్రేకు గట్టిగా తొక్కకూడదు. వెనకున్న బరువు ఇంకా ముందుకు తోస్తుంది. యాక్సిలరేటర్ వదిలేయాలి, స్టీరింగు తిన్నగా పట్టుకోవాలి. ట్రైలర్‌కు విడిగా బ్రేకులుంటే వాటిని మాత్రమే మెల్లగా వేయాలి.

'ఉంటే' అన్న మాటలోనే ఉంది అసలు సంగతి. వెల్డింగు షాపులో తయారైన పెట్టెకు బ్రేకులెక్కడివి? లెక్క వేసి చూడండి. ఖాళీ బొలెరో పికప్ సుమారు 1,700 కిలోలు. మనుషులు, సామాను 500. ఇనుప చట్రం, ప్లైవుడ్డు, మంచాలు, 300 లీటర్ల నీళ్లతో ట్రైలర్ రెండున్నర టన్నులు అనుకుంటే మొత్తం నాలుగున్నర టన్నులు దాటింది. మూడు టన్నుల కోసం చేసిన బ్రేకులు దీన్ని ఆపాలి. పైగా వేగం 40 నుంచి 60కి పెరిగితే ఆపాల్సిన శక్తి ఒకటిన్నర రెట్లు కాదు, రెండుంపావు రెట్లు పెరుగుతుంది.

ఇది చదును రోడ్డు మాట. నాగోబా జాతరకని కేస్లాపూర్ బయల్దేరి కెరమెరి ఘాట్ దిగాల్సి వస్తే? అదే పనిగా తొక్కిన బ్రేకులు వేడెక్కి పట్టు వదిలేస్తాయి. మలుపులో పికప్ నెమ్మదిస్తుంది, వెనకున్న పెట్టె నెమ్మదించదు. అది పికప్ వెనక భాగాన్ని పక్కకు తోసేస్తుంది, రెండూ కత్తెరలా మడతపడతాయి. డీజిల్ కలిసొస్తుందని న్యూట్రల్లో దింపే అలవాటుంటే ఇక చెప్పేదేముంది! ఘాట్ మీద అధిక బరువు ఏం చేస్తుందో 2018 సెప్టెంబరు 11న కొండగట్టులో చూశాం. సామర్థ్యానికి మించి జనం ఎక్కిన బస్సు దిగుతూ దిగుతూ లోయలో పడి 60 మందికి పైగా ప్రాణాలు పోయాయి. దానికి వెనక ట్రైలర్ కూడా లేదు.

ఈ భయం బొగ్గుగనుల వాళ్లకు కొత్తేమీ కాదు. ఇంక్లైన్‌లో రోప్ మీద టబ్బులు పైకెక్కేటప్పుడు చివరి టబ్బుకు వెనక ఇనుప ఊతకడ్డీ కట్టాలని గని నిబంధన. రోప్ తెగినా, లింకు ఊడినా ఆ కడ్డీ నేలకు తన్నుకుని టబ్బులను కిందికి పారిపోనివ్వదు. ట్రైలర్ కొక్కెం కింద అడ్డంగా దాటించి కట్టే రెండు గొలుసులూ అలాంటివే. కొక్కెం ఊడితే నొగ రోడ్డుకు గుచ్చుకోకుండా ఆ గొలుసుల మీద ఆగుతుంది. గనిలో అంత పట్టింపు చూసినవాళ్లు రోడ్డెక్కాక ఒక్క బోల్టును నమ్ముకోవడం ఆశ్చర్యమే.

ఇక కాగితాల సంగతి. ట్రైలర్‌కు విడిగా రిజిస్ట్రేషన్ ఉండాలి. బండి నిర్మాణాన్ని ఇష్టమొచ్చినట్టు మార్చడాన్ని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ఒప్పుకోదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టూ అదే గట్టిగా చెప్పింది. లైసెన్సు విషయంలో మాత్రం ఊరట ఉంది. 7,500 కిలోల లోపు రవాణా వాహనాలకు ఎల్‌ఎంవీ లైసెన్సు చాలని 2024 నవంబరులో రాజ్యాంగ ధర్మాసనం తేల్చింది.

అన్నిటికన్నా ముఖ్యమైనది ఇన్సూరెన్సు. సరుకుల బండిలో ఉచితంగా ఎక్కినవాళ్లకు బీమా కంపెనీ బాధ్యత వహించదని 2002 డిసెంబరులోనే సుప్రీంకోర్టు చెప్పింది. అంటే వెనక పెట్టెలో మంచం మీద పడుకున్న అవ్వకు ఏదైనా జరిగితే, ఆ భారం మొత్తం బండి యజమాని నెత్తిన పడవచ్చు. రిటైర్మెంటు డబ్బు మొత్తం ఒక్క మలుపులో కరిగిపోతుంది. అమెరికాలో సైతం చాలా రాష్ట్రాల్లో కదులుతున్న ఇలాంటి ట్రైలర్‌లో మనుషులను కూర్చోనివ్వరు.

అలాగని జాతర మోజు చంపుకోనక్కర్లేదు. మంచాలు, వంటసామాను పికప్ తొట్టిలోనే సర్దుకుని, చేరాక టార్పాలిన్ దించి గుడారం వేసుకోవచ్చు. మనుషులు మాత్రం సీట్లున్న వేరే బండిలో రావాలి. సౌకర్యమే కావాలంటే ఇంజినుతో సహా ఒకే బండిగా తయారైన క్యారవాన్లు అద్దెకు దొరుకుతున్నాయి. ఖర్చు ఎక్కువే. నలుగురిళ్లవాళ్లు పంచుకుంటే మోయగలిగినంతే.

ఇంత చెప్పినా కొడుకు వినడంటారా? బొగ్గు లారీలు తిరిగే ఈ ప్రాంతంలో వేబ్రిడ్జిలకు కొదవ లేదు. జాతరకు వెళ్లేంత సామానూ మనుషులూ ఎక్కాక పికప్‌ను ఒకసారి కాటా ఎక్కించి, వచ్చిన చీటీని ఆర్‌సీలో రాసిన బరువు పక్కన పెట్టి చూడమనండి. వెల్డింగు షాపుకు అడ్వాన్సు ఇచ్చేది ఆ తర్వాతే.