మూర్ఛరోగ పరిశోధనము

ప్రపంచమున మూర్ఛరోగముచే బాధపడువారు రమారమి 5 కోట్లమంది. అందు కోటిమందికి పైబడి మన దేశమువారే యని వైద్యుల యంచనా. సకాలమున రోగనిర్ణయము జరిగి తగిన చికిత్స దొరకినచో నూటికి డెబ్బదిమంది వరకు మూర్ఛలు లేక జీవింపగలరని ప్రపంచ ఆరోగ్యసంస్థ చెప్పుచున్నది. ఐనను మన పల్లెలలో మూర్ఛవచ్చి పడినవాని చేతిలో తాళపుచెవులు పెట్టుట నేటికిని మానలేదు. గాలి సోకినదని భూతవైద్యుని కొరకు పరుగెత్తుట మానలేదు. ఆడపిల్లయైనచో పెండ్లి తప్పిపోవునని తల్లిదండ్రులు రోగమును దాచుచునే యున్నారు. మాటిమాటికి మూర్ఛలు వచ్చుట వివాహమునకు అనర్హతయని మన హిందూ వివాహచట్టమే 1999 వరకు చెప్పుచుండెను. ఆ మాటను శాసనమునుండి తొలగించితిమి, మనసులనుండి తొలగింపలేదు.

ఈ మూఢత్వమును గూర్చి పలువురు వ్రాసియున్నారు. మేము నేడు పాఠకుల దృష్టికి దెచ్చునది వేరొక సంగతి. ఈ వ్యాధి కారణములను, చికిత్సను వెదకబూనిన యువవైద్యులను, యువశాస్త్రజ్ఞులను పోషించు భారము ఎవరిది? అది ఈ జాతిది యని మా నిశ్చయము.

ఈ వ్యాధి చరిత్రమే మా మాటకు సాక్ష్యము. 1912లో జర్మనీదేశపు ఫ్రైబర్గు నగరమున ఆల్‌ఫ్రెడ్ హౌప్ట్‌మన్ అను ముప్పదియేండ్ల ప్రాయపు వైద్యుడు, రోగులు నెమ్మదిగా నుండుటకై ఫినోబార్బిటాల్ అను మందు నిచ్చి, వారికి మూర్ఛలే తగ్గుట గమనించెను. నూరేండ్లు దాటినను పేదదేశముల రోగులకు నేటికిని ఆ చవుక మాత్రయే ఆధారము. 1962లో ఫ్రాన్సుదేశమున పియేర్ ఎమార్ అను పరిశోధకవిద్యార్థి కొన్ని క్రొత్త పదార్థములను ఒక ద్రవమున కరగించి పరీక్షించుచుండగా, ఒకదానితో నొకటి పోలికలేని పదార్థములన్నియు మూర్ఛను ఆపుచున్నట్లు తేలెను. గుణము పదార్థములది కాదు, వానిని కరగించిన ద్రవముది! 1882 నుండియు రసాయనశాస్త్రజ్ఞు లెరిగిన ఆ ద్రవమే నేడు వాల్ప్రోయేటు అను పేర లోకమంతట వాడుకలో నున్న మందు. వీ రిరువురును అప్పటికి పేరుమోసిన పండితులు కారు. కంటబడిన వింతను విడువక వెంబడించుటకు వలసిన తీరికయు, చోటును వారికి దొరకెను. దొరకనిచో ఆ వింత ఆనాడే మరపునబడి యుండెడిది.

పరదేశమువారు కనుగొన్న మందును మనము కొనితెచ్చుకొన్న చాలదా యని కొంద రడుగవచ్చును. చాలదు. మన రోగమునకు మన కారణము లున్నవి. మూర్ఛతో వచ్చిన రోగుల మెదడును స్కానుతీయగా చిన్న ఉంగరమువంటి మచ్చ కనబడుట మన దేశమున మిక్కిలి సాధారణము. దానిని క్షయపుగడ్డగా భావించి మన వైద్యులు చిరకాలము నెలల తరబడి క్షయమందులు వాడించిరి. రాయవేలూరు క్రైస్తవ వైద్యకళాశాలవారు అట్టి మచ్చలను శస్త్రముచే తీసి సూక్ష్మదర్శినిలో చూచి, పలువురిలో అది క్షయ కాదనియు, పంది బద్దెపురుగు పిల్ల యనియు 1989లో లోకమునకు చాటిరి. పెక్కుమందిలో ఆ మచ్చ తనంతట కరగిపోవునని కూడ పిదప తేలినది. ఎందరికి వృథాచికిత్స తప్పినది! ఆ రోగులు లండనులోను బోస్టనులోను అరుదు. ఆ ప్రశ్న అచ్చట పుట్టదు. ఆ పురుగు గ్రుడ్లు మనుష్యుని మలమునుండి నీటికి, కూరగాయలకు, చేతులకు చేరును. కావున పందిమాంస మెన్నడును ముట్టనివారికిని ఈ మూర్ఛ తప్పదు. మరుగుదొడ్డియు దీనికి మందేయని ఈ పరిశోధనము మనకు నేర్పినది. తలపై వేడినీళ్లు పోసికొనునప్పుడు వచ్చు మూర్ఛను గూర్చి బెంగుళూరు వైద్యులు చేసిన కృషియు ఇట్టిదే. దక్షిణదేశపు స్నానపుగదిలో పుట్టిన ఆ ప్రశ్నకు దక్షిణదేశపు వైద్యుడే సమాధానము వెదకెను.

వెదకవలసినవి ఇంకను కొల్లలు. రోగులలో రమారమి మూడవవంతుకు మందులతో మూర్ఛలు ఆగవు. ఏల ఆగవో తెలియవలె. కాన్పునాడు ఊపిరాడని శిశువులలో ఎవరికి ఈ వ్యాధి వచ్చునో ముందుగా తెలియవలె. నాలుగు నెలలు మాత్రలు మ్రింగిన కూలివాడు అయిదవ నెల ఏల మానుచున్నాడో, జిల్లా ఆసుపత్రిలో ఆ చవుక మందే ఏల నిండుకొనుచున్నదో కనుగొనుటయు పరిశోధనమే. ముందు మాత్రలు పంచుడు, పిదప పరిశోధింతము అనువారికి మా ప్రత్యుత్తర మిదియే: మాత్ర యెవరికి అందుట లేదో, అందినను ఎవరికి పనిచేయుట లేదో తెలియకుండ చేయు పంపకము చీకటిలో విసరిన రాయి.

ఇక పరిశోధకుని స్థితి యేమి? మన దేశము తన సంపదలో నూటికి 0.64 వంతు మాత్రమే పరిశోధనమునకు వెచ్చించుచున్నట్లు 2020-21 లెక్కలు చెప్పినవి. 2023 నుండి కేంద్రప్రభుత్వపు ప్రారంభ పరిశోధకవేతనము నెలకు 37,000 రూపాయలు. అదియు వేళకు అందుట లేదని యువకులు పలుమారు మొరపెట్టుకొనిరి. నాడీవైద్యమున పట్టము పొందినవానిని ఒకవైపు పెద్ద ఆసుపత్రుల జీతము పిలుచుచుండ, రెండవవైపు ఈ అనిశ్చయము నిలిచియుండును. హైదరాబాదు కేంద్రముగా నడచుచున్న ఇండియా అలయన్సు యువశాస్త్రజ్ఞులకు చేయూత నిచ్చుట శ్లాఘనీయము. కాని 2025లో కేంద్ర మంత్రివర్గ మంగీకరించిన దాని మూడవ దశకు కావలసిన 1,500 కోట్లలో 500 కోట్లు లండనునందలి వెల్కము ధర్మనిధివి. పరుల యౌదార్యమునకు కృతజ్ఞులమే. ఐనను అది జీవవైద్య శాస్త్రమంతటికిని ఉద్దేశింపబడినది. మూర్ఛరోగమునకు దక్కునది అందొక పాలు మాత్రమే.

మేము కోరునది గొప్ప భవనములు కాదు. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ప్రభుత్వములు రెండును ఈ వ్యాధికై ప్రత్యేకముగా కొన్ని యువపరిశోధక వేతనములు నెలకొల్పవలెను. అవి అయిదేండ్లకు తక్కువ కారాదు. ఏటేట పునరుద్ధరణకై దేబిరింపవలసిన వేతనము పరిశోధనమును చంపును. వైద్యుని కాలములో సగము రోగులకును సగము పరిశోధనమునకును నియమింపవలె. రాజధానులకే గాక జిల్లా ఆసుపత్రులకును ఇవి చెందవలె. ఎంచుకొన్న దారి ఫలింపకున్న అది నేరముగా నెంచరాదు. మూసికొనియున్న దారిని చూపుటయు జ్ఞానమే.

ప్రభుత్వములతో పాటు మన ధనికులకును ఒక్కమాట. భీమవరమున పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు 1920ల తొలినాళ్లలో అమెరికాకు పోగలిగినది మామగారి సాయమునను, కాకినాడయందలి మల్లాడి సత్యలింగనాయకరు ధర్మనిధి భరోసాతోను. రెండేండ్లు మూడేండ్లు గడువకమున్నే, 1925లో, ఫిస్కెతో కలిసి రక్తమునందలి భాస్వరమును కొలుచు పద్ధతిని ప్రకటించెను. ఆనాటి తెలుగుదాతలకు నాడీశాస్త్రము తెలియదు, రసాయనము తెలియదు. ఒక యువకుని నమ్ముట తెలిసెను. ఐనను ఆ చెట్టు పరదేశమున పూచి, పరదేశముననే పండెను. నేడు అట్టి యువకులు మన ఆసుపత్రులలోనే యున్నారు. వారిముందు కోటిమంది రోగులున్నారు. ప్రతి సంవత్సరము నవంబరు 17న జాతీయ మూర్ఛరోగ దినమున వేదికలెక్కి మాటలాడు పెద్దలు, ఒక్కొక్కరు ఒక యువవైద్యునికి అయిదేండ్ల తీరికను దానము చేయుదురేని, ఆ దినము సార్థకమగును.